నీడ పంపకములో న్యాయము

కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్లపై అశోకుని శాసనములు నేటికిని కలవు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమునకు చెందిన ఆ ధర్మలిపులలో ఒకటి, బాటల వెంట చెట్లు నాటించుటను, బావులు త్రవ్వించుటను పేర్కొనుచున్నది. అవి మనుష్యులకును, పశువులకును ఉపయోగపడుటకే యని చెప్పుచున్నది. బాటసారికి నీడ కల్పించుట రాజధర్మమని ఆనాడే గుర్తింపబడినది. సప్తసంతానములలో తటాకమును, వనమును చేర్చిన సంప్రదాయమును, వేసవిలో చలిపందిళ్లు వేయు ఆచారమును ఈ ధర్మమునకు చెందినవే. ఆ బాటలపై నేడు బస్సులు నడచుచున్నవి. బండి మారినది, ఎండ మారలేదు.

1932లో నిజాం రాష్ట్రమున 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా ఆరంభమైనది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన పిదప బస్సు మారుమూల పల్లెలకును చేరినది. కాని బస్సు చేరిన ప్రతి చోటికిని షెల్టరు చేరలేదు. 2018లో హైదరాబాదు ఖైరతాబాదులో చల్లని గాలి యంత్రములతో కూడిన బస్సు షెల్టరు వెలసినది. నగరపు అంచులలోని కాలనీల వద్దను, పల్లె బాట రహదారిని కలియు చోట్లను మాత్రము, రేకుల కప్పైనను లేక, జనులు చెట్టు మొదటనో దుకాణపు చూరు క్రిందనో నిలిచియుండుట సాధారణ దృశ్యము.

ఇది ఎవరి దుర్బుద్ధి వలనను కలిగినది కాదు, పద్ధతిలోని లోపము. ప్రకటనల ఆదాయముతో షెల్టర్లు నిర్మించు విధానమును 1964లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున ఒక సంస్థ ప్రవేశపెట్టినది. మన నగరములును ఇట్టి పద్ధతినే అవలంబించినవి. గుత్తేదారు షెల్టరు కట్టి, ప్రకటనల బాడుగతో పెట్టుబడి రాబట్టుకొనును. ఖజానాపై భారము లేదు. కాని ప్రకటన కోరునది కారులో పోవువాని కన్నులను గాని, ఎండలో నిలుచువాని కాళ్లను గాదు. గ్రామములలో షెల్టర్లు తరచుగా ప్రజాప్రతినిధుల నిధులతోనో, దాతల విరాళములతోనో లేచును. అక్కడ సిఫారసునకు బలము హెచ్చు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు; అడుగ నేర్వని ఊరికి ఏమి గతి?

ఎక్కువమంది ఎక్కు చోటనే షెల్టరు కట్టుట న్యాయము కదా యని కొందరు వాదింతురు. ఆ వాదములో సగము సత్యము కలదు. మిగిలిన సగమును బడిపిల్లలైనను లెక్కవేసి చూపగలరు. ఒక కూడలిలో 200 మంది ఒక్కొక్కరు 5 నిమిషములు వేచియుందురనుకొనుడు. మొత్తము 1,000 నిమిషములు. వేరొక స్టాపులో 30 మంది ఒక్కొక్కరు గంటసేపు వేచియుందురనుకొనుడు. మొత్తము 1,800 నిమిషములు. ఎండను హెచ్చుగా భరించువారు ఆ ముప్పదిమందియే. బస్సులు అరుదుగా వచ్చు చోటనే నీడ అవసరము అధికము. నేటి పంపకము తరచుగా దీనికి విరుద్ధముగా నడచుచున్నది.

నిలుచువారెవరో కూడ విచారింపవలెను. 2015 వేసవిలో వడగాలులకు తెలుగు రాష్ట్రములు రెంటిలోను కలిపి వేయిమందికి పైగా మరణించిరి. తెలంగాణమున 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము ప్రారంభమైనది. టికెట్టు ఉచితమైనను నిరీక్షణకు వెల తప్పలేదు. చంకలో బిడ్డతో నిలుచు తల్లి దానిని ఎండలో చెల్లించుచున్నది. బస్సు స్టాపులలో వికలాంగులకు సౌకర్యములు కల్పింపవలెనని 2016 నాటి చట్టము విధించుచున్నది. మెట్టెక్కలేనివానికి ఎత్తైన అరుగు గల షెల్టరు ఉన్నను లేనట్లే.

నివారణోపాయములు అసాధ్యములు కావు. ప్రకటనలకు అనువైన కూడళ్లను గుత్తకిచ్చునపుడు, ఆదాయము లేని స్టాపులు కొన్నింటిని కూడ వానితో జతచేసి ఇయ్యవచ్చును. ఏ స్టాపున ఎందరు ఎంతసేపు వేచియుందురో లెక్కించి, ఆ క్రమముననే నిర్మాణము చేపట్టి, ఆ పట్టికను ప్రజల యెదుట ఉంచవచ్చును. డబ్బు చాలని చోట ముందుగా ఒక వేపమొక్క, ఒక రాతిబల్ల చాలును. కట్టిన షెల్టరు దుకాణముగా మారకుండ కాపాడుటయు నిర్మాణమంతటి పనియే.

ఆ లెక్కను ఆరంభించుటకు ఉపాధ్యాయులకంటె తగినవారు లేరు. ఒక వారముపాటు తమ ఊరి స్టాపులో నిలిచినవారి సంఖ్యను, వేచిన కాలమును విద్యార్థులు వ్రాసిపెట్టినచో, గణితమును పౌరధర్మమును ఒక్కమారే అభ్యసించినవారగుదురు. ఆ కాగితము పంచాయతీకి చేరినపుడు, అడుగ నేర్వని ఊరు అడుగ నేర్చినదగును. అటుపిమ్మట సమాధానము చెప్పవలసిన బాధ్యత పాలకులది.