క్లచ్ ఎవరి కాలి కింద?

నలభై మూడేళ్ళ వయసులో నేను కారు నేర్చుకున్నాను. గొప్పగా చెప్పుకోవలసిందేమీ లేదిందులో. సోషియాలజీలో డాక్టరేటు చేసి, ఆడవాళ్ళ శ్రమ గురించీ రాకపోకల గురించీ ఇరవయ్యేళ్ళుగా రాస్తూ, ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు నడిపే బండిలో వెనక సీట్లో కూర్చుని తిరిగినదాన్ని. ఆ సిగ్గుతోనే మొదలుపెట్టాను. అయితే నేర్చుకునేటప్పుడు జరిగిన ఒక చిన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

మా పేటలోనే ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. రోజూ పొద్దున ఆరుంపావుకి బండి వచ్చేది. నేర్పే అబ్బాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మర్యాదస్తుడు. "మేడం, మీరు స్టీరింగు చూసుకోండి, రోడ్డు చూసుకోండి. కింద సంగతి నేను చూసుకుంటా" అనేవాడు. మొదటి వారంలోనే మెయిన్ రోడ్డు మీద నడిపాను. రెండో వారం ఫ్లైఓవరెక్కి దిగాను. సిగ్నల్ దగ్గర ఒక్కసారి కూడా బండి ఆగిపోలేదు. క్లచ్ అంటే ఇంతేనా, దీనికా ఇన్నేళ్ళు భయపడ్డాను అనుకున్నాను. ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పుకుని మురిసిపోయాను.

పదిహేడో రోజున ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, జారిపోయిన చెప్పు సరిచేసుకుందామని వంగాను. నా క్లచ్ పెడల్ దానంతటదే పైకి లేస్తోంది! నా కాలు దానిమీద ఊరికే ఆనించి ఉంది. పక్క సీటు కింద అతని కాళ్ళ దగ్గర కూడా రెండు పెడల్సున్నాయి. ఇన్నాళ్ళూ క్లచ్ నొక్కిందీ వదిలిందీ అతను.

"మొదట్నించీ మీరే నొక్కుతున్నారా బాబూ?" అన్నాను.

అతనేం తడబడలేదు. "లేడీస్‌కి క్లచ్ దగ్గరే భయం మేడం. బండి ఆగిపోతే వెనకాల హారన్లు కొడతారు. మీరు మర్నాటి నుంచి రారు."

"మరి మగవాళ్ళకో?"

"వాళ్ళకి చేస్తే తిడతారు మేడం. కాలు తియ్యమంటారు."

ఆ రెండో జతను తప్పు పట్టడం లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం డ్రైవింగ్ స్కూలు కారుకి జంట పెడల్సు ఉండి తీరాలి. ప్రమాదం వస్తే నేర్పేవాళ్ళు బండి ఆపగలగాలి గదా. అదే నిబంధనల్లో సొంత బండి నడిపేవాళ్ళకు కోర్సు కనీసం 21 రోజులు, చేత్తో నడిపే సమయం కనీసం 10 గంటలు అని కూడా ఉంది. నా పది గంటలూ నడిచాయి. నడిపింది ఎవరన్నదే ప్రశ్న. ప్రమాదం కోసం పెట్టిన ఏర్పాటు నామోషీ నుంచి కాపాడే ఏర్పాటుగా మారింది. కాపాడటం పేరుతో నాకు రావలసిన విద్య నాకు రాకుండా పోయింది. పైగా వచ్చేసిందన్న నమ్మకం మాత్రం మిగిలింది.

నాకు వెంటనే గుర్తొచ్చింది మా పంచాయతీ ఇంటర్వ్యూలు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక వేలమంది ఆడవాళ్ళు సర్పంచులయ్యారు. కుర్చీలో ఆమె, పక్కన కాగితాలు అందించే భర్త. ఆయన దురుసు మనిషి కానక్కర్లేదు. "ఆమెకెందుకండీ ఈ తలనొప్పులు" అనే మంచివాడే చాలా చోట్ల. స్టీరింగు ఆమె చేతిలో, కింద సంగతి ఆయన చూసుకుంటాడు. తేడా ఒకటే. ఆ సర్పంచుల్లో చాలామందికి క్లచ్ ఎవరి కాలి కింద ఉందో బాగా తెలుసు. నాకే తెలియలేదు.

ఇంతకీ క్లచ్‌లో ఏముంది? ఇంజిను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. చక్రాలేమో ఆగి ఉంటాయి. తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ ఒక్కసారిగా కలిపితే బండి కుదుపు తిని ఆగిపోతుంది. అందుకని రెంటి మధ్యా ఒక పళ్ళెం లాంటి ప్లేటు పెట్టారు. పెడల్ నొక్కితే అది విడిపోతుంది, మెల్లగా వదులుతుంటే రాసుకుంటూ రాసుకుంటూ కలుస్తుంది. అలా కలవడం మొదలయ్యే చోటు వేలెడంత కూడా ఉండదు. ఆ చోట కాలిని నిలబెట్టగలిగితే మిగతా విద్యంతా వచ్చినట్టే. దాన్నే హాఫ్ క్లచ్ అంటారు. ఒక్కో బండిలో అది ఒక్కో ఎత్తులో ఉంటుంది. ప్లేటు అరిగే కొద్దీ పైకి జరుగుతుంది. పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, ఇంకొకరి కాలితో అసలు రాదు.

నాకది నేర్పింది మా వీధి చివర ఆటో నడిపే ఆమె. (పేరు రాయొద్దంది.) భర్త మంచాన పడ్డాక రాత్రిళ్ళు ఖాళీ గల్లీలో అదే ఆటో తోసుకుంటూ నేర్చుకుంది. ఆటోలో క్లచ్ కాలికి కాదు, ఎడం చేతికి. చేత్తో క్లచ్ పట్టి అదే పిడిని తిప్పితే గేరు పడుతుంది, రివర్సుకి వేరే పుల్ల. కారు ఆమె ఎన్నడూ తోలలేదు. అయినా నా గోడు విని ఓ ఆదివారం పొద్దున నాతో గ్రౌండుకొచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వు కాలు దిక్కు సూస్తున్నవ్. కాలు దిక్కు కాదు, చెవి పెట్టి ఇను. ఇంజన్ గొంతు మారంగనే కాలు ఆడ్నే ఆపు. ఆక్సిలేటర్ ముట్టకు."

ఇరవై ఏడుసార్లు బండి ఆగిపోయింది. లెక్కపెట్టింది ఆమే. ప్రతిసారీ "మంచిగైంది, మల్ల స్టార్ట్ చెయ్" అంది. ఇరవై ఎనిమిదోసారి ఇంజిను గొంతు కాస్త బరువుగా దిగడం వినపడింది. కాలు ఆపాను. ఆక్సిలరేటరు తాకకుండానే కారు మెల్లగా, నడిచే మనిషిలా కదిలింది. పదిహేడు రోజుల్లో నాకు దక్కని ఇరవై ఏడు ఓటములు గంటలో దక్కాయి.

పొట్టి కాలి సంగతి కూడా చెప్పాలి. నా ఎత్తు ఐదడుగులు. మన దేశంలో వయసొచ్చిన ఆడవాళ్ళ సగటు ఎత్తు కూడా ఇంచుమించు అంతే, 152 సెంటీమీటర్లు. క్లచ్ పూర్తిగా లోపలికి నొక్కాలంటే నేను సీటు ముందుకి లాక్కోవాలి. లాక్కుంటే స్టీరింగు ఛాతీకి దగ్గరవుతుంది. అందులో ఉన్న గాలిసంచీకీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలంటారు నిపుణులు. రోడ్డు కనపడాలంటే కింద దిండు వేసుకోవాలి, సీటు ఎత్తు పెంచే మీట ఖరీదైన రకాల్లోనే ఇస్తారు గనక. దిండు మీద కూర్చుని, కాలు చాచి, మోటుగా నడిపే ఆడమనిషిని చూసి నవ్వే లోకానికి ఆ సీటు ఎవరి కొలతతో చేశారన్న ప్రశ్న తట్టదు. కార్ల ప్రమాద పరీక్షల్లో దశాబ్దాలుగా వాడిన ప్రధాన బొమ్మ సుమారు 175 సెంటీమీటర్లు, 78 కిలోల మగ బొమ్మ. ఆడ బొమ్మ అని పెట్టినదేమో దాన్నే కుదించి చేసినది. సగటు స్త్రీ శరీరాన్ని అనుసరించిన పరీక్ష బొమ్మను స్వీడన్ పరిశోధకులు 2022లో గానీ తయారుచేయలేదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వారు 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, బెల్టు పెట్టుకున్నా సరే, తీవ్రంగా గాయపడే అవకాశం మహిళా డ్రైవర్లకు మగవారికంటే 47 శాతం ఎక్కువ. ఇది ఆడవాళ్ళ డ్రైవింగు మీద జోకులు వేసేవారికి కూడా తెలిస్తే బాగుండును.

"గేర్లు ఆడవాళ్ళకి పడవు" అనే మాట ఎంత పాతదో అంత అబద్ధం. కారు పుట్టిన కొత్తలో, 1888 ఆగస్టులో, జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిని నడుపుకుంటూ వెళ్ళింది. ఆ బండి తయారీకి పెట్టుబడి ఆమె పుట్టింటి సొమ్మే, కట్నం డబ్బు. (ఆ పేటెంటు మీద ఆమె పేరు లేదు.) దారిలో పెట్రోలు గొట్టం పూడిపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తుల దగ్గర మాత్రం బండి ఎక్కలేదు, పిల్లలు దిగి తోయవలసి వచ్చింది. తిరిగొచ్చాక ఆమె భర్తతో అన్నది, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని. ఆ గేరు వచ్చింది.

అది అలా ఉంచండి. తొలినాటి గేర్లు మార్చడం మగవాళ్ళకీ గండంగానే ఉండేది. క్లచ్ రెండుసార్లు తొక్కి, వేగం లెక్కగట్టి వెయ్యకపోతే పళ్ళు గీరుకుని కీచుమనేవి. 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ తెచ్చి ఆ బాధ తీసింది. అప్పుడు "పాపం, మగవాళ్ళకి గేర్లు రావు" అని ఎవరూ అనలేదు. దాన్ని ప్రగతి అన్నారు. అంతకు ముందు 1912లో అదే కంపెనీ హ్యాండిల్ తిప్పే పని లేకుండా కరెంటు స్టార్టరు పెట్టినప్పుడు మాత్రం, అది ఆడవాళ్ళ కోసమన్నారు. వర్జీనియా షార్ఫ్ అనే చరిత్రకారిణి 1991లో రాసిన 'టేకింగ్ ది వీల్' పుస్తకం ఈ సంగతి వివరంగా చర్చిస్తుంది. సుఖం కావాలని అందరూ కోరుకుంటారు, అడిగినట్టు ఆడవాళ్ళ పేరు పెడతారు.

మన దగ్గరా అంతే. గేర్లు లేని కైనెటిక్ హోండా 1984లో వచ్చింది. తర్వాత వచ్చిన గేరు లేని స్కూటర్లన్నీ ఆడపిల్లల బళ్ళయ్యాయి. 2014లో సెలేరియోతో చవక ఆటోమేటిక్ కార్లు వచ్చాయి. ఇవాళ షోరూముకి వెళితే "మేడం నడుపుతారంటే ఆటోమేటిక్ తీసుకోండి సార్" అని, మేడం పక్కనే ఉండగా సార్‌తో అంటారు. ఆటోమేటిక్ బండి మీద నాకే కోపమూ లేదు. నగరం ట్రాఫిక్‌లో రెండు గంటలు క్లచ్ తొక్కితే మోకాలు ఏమంటుందో నాకూ తెలుసు. కానీ ఎంచుకోవడం వేరు, ఇంతే నీకు చాలు అనడం వేరు.

ఎందుకంటే బతుకు తెరువు ఉన్న బళ్ళలో ఎక్కువ భాగం ఇప్పటికీ గేరు బళ్ళే. ట్రాలీ, పాల వ్యాను, స్కూలు వ్యాను, చవక రకం క్యాబు. 2017లో సుప్రీంకోర్టు, తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా బండిని వేరే అనుమతి లేకుండా నడపవచ్చని చెప్పింది. 2024 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. మన చట్టం టూ వీలర్లను గేరు ఉన్నవీ లేనివీ అని విడదీస్తుంది గానీ, కార్లకు ఆ తేడా పెట్టలేదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చినవారికి ఆటోమేటిక్ లైసెన్సే వస్తుంది. అంటే ఇక్కడ కారు లైసెన్సున్న ఆడమనిషికి చట్టం రేపటి నుంచి ట్రాలీ తోలుకోవచ్చంటోంది. అలా అనుకుని ఎవరూ నేర్పలేదు ఆమెకి. కార్పొరేషన్లు, సంస్థలు మహిళలకు డ్రైవింగ్ శిక్షణ పేరుతో ఏది పెట్టినా మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: క్లచ్ ఎవరు తొక్కుతున్నారు? ఎన్ని సర్టిఫికెట్లిచ్చారు అన్నది తర్వాత.

తమిళనాడులో వసంతకుమారి ప్రభుత్వ బస్సు డ్రైవరైంది 1993లో. మన నల్గొండ ప్రాంతం నుంచి వెళ్ళిన సరిత ఢిల్లీ రవాణా సంస్థ బస్సు స్టీరింగు పట్టింది 2015లో. మధ్యలో ఇరవై రెండేళ్ళు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. మంచిదే, నేనూ ఎక్కుతున్నాను. కాలు పెట్టే చోటు లేకుండా ఆడవాళ్ళే ఉన్న బస్సులో, డ్రైవరు సీటు ఒక్కటీ మగసీటుగా మిగిలిపోవడం చూస్తూ నిలబడతాను.

ఒక రాత్రి సంగతి. రెండు గంటల వేళ పక్కింటావిడ తలుపు కొట్టింది. అత్తగారికి గుండెలో నొప్పి. భర్త ఊళ్ళో లేడు, కారుంది. నేను తాళాలు తీసుకుని కూర్చున్నాను. బండి వెనక్కి తీస్తే తప్ప గేటు దాటదు. నా కారులో రివర్సు కుడివైపు కిందికి. అందులో ఎక్కడుందో అంతుపట్టలేదు. కర్ర పిడి మీద బొమ్మ అరిగిపోయింది. కుడికి, ఎడమకి, కిందికి నొక్కి చూశాను. ముందుకే పోతోంది. ఆఖరికి పిడి కింద వేలికి ఒక రింగు తగిలింది. అది పైకి లాగితే గానీ ఎడమ పక్క రివర్సు పడదు. ముందుకు పోతున్నప్పుడు పొరపాటున పడకుండా చేసిన తాళమది, మంచి ఏర్పాటే. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఇండికేటరు కూడా కొన్నింటిలో కుడి చేతికి, కొన్నింటిలో ఎడమకి. మొత్తం దారంతా మలుపు దగ్గర వైపర్లు వేసుకుంటూ పోయాను. ఆవిడ బతికింది. ఆ ఇంట్లో కారు కొని ఆరేళ్ళు. కోడలు రోజూ దాన్ని తుడుస్తుంది. రివర్సు రింగు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు కరెంటు బళ్ళొస్తున్నాయి. కరెంటు బస్సులో క్లచ్ పెడల్ లేదు, కరెంటు ఆటోలో తిప్పే గేరు లేదు. సరే, "క్లచ్ దగ్గరే భయం" అన్న సాకు పోతుంది. డిపోల్లో ఏ కొత్త సాకు చెబుతారోనని నాకు కుతూహలంగా ఉంది. రాత్రి డ్యూటీ అంటారా, మూత్రశాల లేదంటారా? ఆ రెండోది నిజమే, కట్టించవలసింది ఎవరో కూడా తెలిసిందే.

డ్రైవింగ్ స్కూలు అబ్బాయితో నేను పోట్లాడలేదు. మిగిలిన నాలుగు రోజులూ అతని కాళ్ళు సీటు మీదికి మడిచి కూర్చోమన్నాను. కూర్చున్నాడు. చౌరస్తాలో మూడుసార్లు బండి ఆగిపోయింది, హారన్లు మోగాయి. ఆటో నడిపే ఆమె ఇప్పుడు ఆదివారాలు నా కారుతో గ్రౌండులో తిరుగుతోంది. చేతికి అలవాటైన క్లచ్‌ని కాలికి దించుకోవడం ఆమెకీ తేలిక కాలేదు. మొదటి రోజు పదకొండుసార్లు ఆపింది. ఈసారి లెక్కపెట్టింది నేను. వచ్చే నెల పదో తారీఖున ఆమెకి కారు లైసెన్సు పరీక్ష. హెచ్ ఆకారంలో రివర్సు తీసుకోవాలట.