అలంకారంలోనూ సాక్ష్యముండాలి

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మన సంఘాల్లో ఒక ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. విశ్వాసి నగలు పెట్టుకోవచ్చా? సిద్దిపేటలాంటి ఊళ్లో ఈ ప్రశ్నకు ఒక్కో సంఘంలో ఒక్కో జవాబు దొరుకుతుంది. సీఎస్‌ఐ మెదక్ డయాసిస్ సంఘాల్లో పుస్తెలు, కమ్మలు మామూలే. పెంతెకొస్తు సంఘాలు చాలావాటిలో మాత్రం బాప్తిస్మంతోనే నగలన్నీ తీసేస్తారు. ఇప్పుడు ఈ రెండు రకాల ఇళ్ల మధ్య సంబంధాలు కలుస్తున్నాయి. చిన్నప్పటి నుంచి బోసి మెడతో పెరిగిన అమ్మాయిని అత్తగారు 'ఒంటి మీద వీసమెత్తు బంగారం లేకుంటే ఎట్లా బిడ్డా?' అని అడుగుతుంది. కమ్మలు పెట్టుకుంటే పుట్టింటి సంఘం 'లోకంలో కలిసిపోయింది' అంటుంది. మధ్యలో నలిగేది ఆ అమ్మాయే. ఆమెకు వాక్యం ఏం చెబుతోంది?

నగలు కొత్తగా పెట్టుకున్నవారి కథ ఒకటి బైబిల్లో ఉంది. వారు ఇశ్రాయేలీయులు. ఐగుప్తులో తరతరాలు ఇటుకలు చేసిన బానిసలకు బంగారం ఎక్కడిది? విడుదలయ్యేనాడు ఐగుప్తీయుల దగ్గర వెండి, బంగారు నగలు అడిగి తీసుకోమని, వాటిని తమ కొడుకులకు, కూతుళ్లకు పెట్టమని దేవుడే చెప్పాడు (నిర్గమ 3:22). బానిస బిడ్డల చెవులకు అవి స్వేచ్ఛకు గుర్తులు. కొన్నాళ్లకే ఆ చెవుల కమ్మలే కరిగి దూడ అయ్యాయి (నిర్గమ 32:2-4). ఆ తర్వాత అదే ప్రజలు మనస్ఫూర్తిగా తెచ్చిన నగలు ప్రత్యక్ష గుడారం పనికి వెళ్లాయి (నిర్గమ 35:22). నగ ఒకప్పుడు కానుక, ఒకప్పుడు విగ్రహం, ఒకప్పుడు అర్పణ అయ్యింది. బంగారం మారలేదు, పెట్టుకున్నవారి హృదయం మారింది.

ఈ కథ మనకు దూరమైనదేమీ కాదు. మన సంఘాల్లో చాలామంది అవ్వతాతలకు బంగారం మానుకోవాలా వద్దా అన్న ప్రశ్నే రాలేదు. కొనే స్తోమత ఉంటే కదా! ఎవరు ఏం ధరించాలో కులమే నిర్ణయించిన కాలం ఈ దేశంలో ఉంది. కేరళలోని కొల్లం ప్రాంతంలో పులయ స్త్రీలు తమ కులానికి గుర్తుగా రాతిపూసల దండలే వేసుకోవాల్సి వచ్చేది. 1915లో అయ్యంకాళి పిలుపునందుకుని వారు వాటిని తెంచి పారేశారు. ఆ చరిత్ర తెలిస్తే, కష్టార్జితంతో మొదటిసారి ఒక జత కమ్మలు కొనుక్కున్న కూలి తల్లిని చూసి పెదవి విరవలేం.

మరి పేతురు, పౌలు చెప్పిన మాటలో? అవీ దేవుని మాటలే, పక్కన పెట్టడానికి వీల్లేదు. అయితే పేతురు జడలను, బంగారాన్ని, వస్త్రాలను ఒకే వరుసలో పెట్టాడు (1 పేతురు 3:3,4). వస్త్రాలు మానేయమని ఎవరూ అనుకోరు. అసలు అలంకారం లోపలి సాత్వికమేనన్నదే ఆయన భావం. పౌలు కూడా బంగారంతో పాటు ముత్యాలను, ఎక్కువ ఖరీదైన వస్త్రాలను చెప్పాడు (1 తిమోతి 2:9,10). మెడ బోసిగా ఉంచి పాతిక వేల పట్టుచీర కట్టుకుంటే ఈ మాట నెరవేరినట్టేనా?

అలాగని నగలు మానుకున్న సహోదరీలను మనం చిన్నచూపు చూడకూడదు. మెదక్ సంఘాలకు పునాది వేసిన మిషనరీలు వెస్లీ అనుచరులు. ఆ వెస్లీయే 1744లో తన బృందాల సభ్యులకు ఉంగరాలు, చెవి కమ్మలు, హారాల వంటి అనవసరమైన ఆభరణాలు వద్దని నియమం పెట్టాడు. ప్రభువు కోసం మానుకున్నవారు ప్రభువు కోసమే మానుకున్నారు, కృతజ్ఞతతో పెట్టుకున్నవారూ ప్రభువు కోసమే పెట్టుకోవచ్చు. భోజనం గురించి రోమా సంఘానికి పౌలు చెప్పిన పద్ధతి ఇక్కడా సరిపోతుంది (రోమా 14:3-6).

మరి కొత్తగా పెట్టుకోవాలనుకున్న చెల్లెలు ఏం ఎంచుకోవాలి? రోజూ ఒంటి మీద ఉండి, ఉన్న సంగతి మనమే మరచిపోయేంత చిన్నది ఎంచుకోవాలన్నది మా అభిప్రాయం. చిన్న కమ్మలు, సన్నని గొలుసు చాలు. పొలంలో, మిషన్ దగ్గర, ఆసుపత్రిలో పనిచేసేవారికి వేలాడే నగలు ప్రమాదం. చెవులు కొత్తగా కుట్టించుకుంటే పుండు మానడానికి కనీసం నెలన్నర పడుతుంది, అంతవరకు దుద్దులు మార్చకూడదు. చవక నగల్లో కలిసే నికెల్ కొందరి చర్మానికి పడదు, దురద, పుండ్లు వస్తాయి. వన్ గ్రామ్ గోల్డ్ అని అమ్మేది పైపూత మాత్రమే. ఇష్టమైతే పెట్టుకోవడంలో తప్పులేదు కానీ, లేని సంపద ఉన్నట్టు చూపించడానికైతే అది అబద్ధమే.

కొనేటప్పుడు తెలివి కూడా దేవుడిచ్చిన వరమే. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి, అంటే 22 క్యారెట్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాలు, అంకెలు గల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయ్యింది. కానీ రెండు గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. మనం చెబుతున్న చిన్న కమ్మలు ఎక్కువగా ఆ లెక్కలోనే పడతాయి. కాబట్టి ఎన్ని క్యారెట్లో, ఎంత బరువో, తరుగు ఎంతో, మజూరీ ఎంతో బిల్లు మీద రాయించుకోవాలి. రాళ్ల బరువును బంగారంతో కలిపి తూచనీయవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది అప్పు. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. పెళ్లికూతురికి ఇన్ని తులాలు పెట్టాలని విశ్వాసుల ఇళ్లే పట్టుబడితే, ఆ తండ్రి వడ్డీకి తెచ్చే ప్రతి రూపాయిలో మన పాపం ఉంది. వరకట్నాన్ని చట్టం 1961లోనే నిషేధించింది. 'మీ బిడ్డకు మీరు పెట్టుకునేదే కదా' అని పేరు మార్చి అడిగినా అది కట్నమే. అప్పు చేసి కొన్న నగ దూడ వైపు ఒక అడుగు.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. కమ్మలున్నాయని ఏ సహోదరినీ ప్రభువు బల్ల దగ్గర వెనక్కి పంపవద్దు. లేవని ఏ కోడలినీ విధవలా ఉన్నావని నొప్పించవద్దు. అన్యుడైన భర్త కట్టిన పుస్తెను బలవంతంగా తీయించవద్దు. పేతురు ఆ అలంకార వాక్యం రాసిందే, ఇంకా విశ్వసించని భర్తలను మాట లేకుండానే ప్రవర్తనతో గెలవాల్సిన స్త్రీలకు (1 పేతురు 3:1).

రిబ్కాకు ముక్కు కమ్మి, కడియాలు ఇచ్చేముందు అబ్రాహాము సేవకుడు ఆమె అందాన్ని పరీక్షించలేదు. దాహంతో ఉన్న పది ఒంటెలకు పరుగెత్తి నీళ్లు చేదిన చేతులను చూశాడు (ఆది 24:20-22). ఆ సేవాగుణం ఉన్న చేతికి కడియం ఉన్నా అందమే, లేకున్నా అందమే. నగ కొనే రోజున ఒక్క మాట ప్రభువుతో చెప్పుకుందాం: 'ఇది నీవిచ్చినదే, అవసరంలో ఉన్న నా పొరుగువారి కోసం నీవడిగిన రోజున తీసి ఇస్తాను'. ఆ మాట నిండు మనసుతో అనగలిగితే ఆ నగ నిశ్చింతగా పెట్టుకోవచ్చు.