విందుపళ్ళెంలో దూరపు చేతులు

డిసెంబరు మాసాంతంలో ఇంగ్లండులోని అనేక గృహాలలో ఒకే విధమైన దృశ్యం కనిపిస్తుంది. వంటగదిలో పెద్ద గిన్నె నిండా నీరు, అందులో సన్నని సెగపై గంటల తరబడి ఉడికే పంది తొడ, ప్రక్కన తొక్క తీసిన బంగాళాదుంపల రాశి. క్రిస్మస్ పండుగకు దూరప్రాంతాల నుండి వచ్చిన బిడ్డలు, మనుమలు ఒకే బల్ల చుట్టూ చేరే రోజది. ఆ బల్లపై నడుమ కూర్చునే వంటకం తేనెరంగు పూతతో మెరిసే హామ్.

మన పాఠకులలో అనేకులకు ఇది భోజ్యపదార్థం కాదు. మతాచారం వల్ల కొందరు, అలవాటు లేక కొందరు దానిని ముట్టరు. అయినప్పటికీ ఈ వంటకం కథ తెలుసుకోదగినది. అచ్చమైన ఆంగ్లవంటకంగా పేరుపడిన దీనిలో భారతీయుల చెమట కలిసి ఉన్నది.

మొదట పాకవిధానం. హామ్ అంటే ఉప్పులో ఊరవేసి నిలవచేసిన తొడమాంసం. ఊరవేసి ఇంకా వండని దానిని అక్కడివారు గామన్ అంటారు. పూర్వం శీతకాలం ఆరంభంలో పందిని కోసి, ఆ మాంసాన్ని నెలల తరబడి నిలవ ఉంచుకొనేవారు. ఏడాదికి సరిపడా ఆవకాయను జాడీలకెత్తే గృహిణికి ఈ అవసరాన్ని వివరించనక్కరలేదు.

ఉప్పదనం ఎక్కువగా ఉన్న తొడను ముందునాటి రాత్రి చన్నీటిలో నానబెట్టి, ఆ నీటిని పారబోస్తారు. తరువాత కొత్త నీటిలో ఉల్లిపాయ, క్యారెట్, మిరియాలు చేర్చి ఉడికిస్తారు. అరకిలోకు 20 నిమిషాలు, ఆపైన మరొక 20 నిమిషాలు అనేది వాడుకలో ఉన్న లెక్క. నీరు తెర్లకూడదు, తెర్లితే మాంసం పీచుదేరి గట్టిపడుతుంది. గడియారం కంటె నమ్మదగినది ఉష్ణమాపకం. ముక్క నడిభాగం 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, కనీసం రెండు నిమిషాలు ఆ వేడిలో నిలిస్తే అపాయం లేదు.

ఉడికిన తొడపై తోలును ఒలిచి, క్రింది కొవ్వు పొరపై బర్ఫీ కోసినట్లు ఐమూలగా గాట్లు పెడతారు. ప్రతి గడిలోను ఒక లవంగం గుచ్చుతారు. ఆవముద్ద పట్టించి, దానిపై దెమెరారా అనే గోధుమరంగు చక్కెర చల్లి, 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచుతారు. చక్కెరను చివరకే చల్లడంలో అర్థమున్నది. ముందుగా చల్లితే మాంసం వేడెక్కేలోగా అది మాడి చేదెక్కుతుంది.

బంగాళాదుంపలు అంతకంటె ముందే ఓవెన్‌లో ప్రవేశించాలి. వాటిని ఉప్పునీటిలో ఎనిమిది, పది నిమిషాలు ఉడికించి, నీరు వార్చి, గిన్నెకు మూతపెట్టి ఒకసారి కుదుపుతారు. అంచులు గరుకుదేరుతాయి. కాగిన కొవ్వులో వేసినప్పుడు ఆ గరుకు అంచులే కరకరలాడతాయి. దుంపలకు వేరే పళ్ళెం ఉండాలి. హామ్ పళ్ళెంలో వేస్తే జారిన చక్కెర అంటుకొని మాడుతాయి. హామ్ బయటికి వచ్చిన తరువాత కోయడానికి ముందు దానికి పావుగంట విశ్రాంతి అవసరం. ఆ పావుగంటలో దుంపలు బంగారువన్నె తిరుగుతాయి.

ఇంతవరకు వంట. ఇక ఆ పళ్ళెం వెనుక ఉన్న చేతుల సంగతి.

సాధారణంగా పంది మాంసం ఉడికితే పాలిపోతుంది. హామ్ మాత్రం గులాబిరంగులోనే ఉంటుంది. పూర్వం ఊరవేసే ఉప్పులో చిటికెడు పెట్లుప్పు కలపడమే దానికి కారణం. తుపాకి మందుకు ప్రధానమైన ఈ పదార్థం ఐరోపాకు పెద్ద ఎత్తున బీహారు నుండి వెళ్ళేది. అక్కడి నోనియా కులస్థులు పశువుల కొట్టాల నేలను, పాత మట్టిగోడల అడుగును గీకి, ఆ మన్నును నీటిలో కడిగి, ఆ నీటిని మరగించి పెట్లుప్పు తీసేవారు. 1758లో ఈ వ్యాపారంపై ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం సంపాదించింది. అధికభాగం ఫిరంగులకు పోగా, కొద్దిభాగం వంటగదులకు చేరింది.

ఆ రంగు రహస్యాన్ని 1901లో వివరించిన శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్. పెట్లుప్పు నుండి ఏర్పడే నైట్రైట్ మాంసంలోని వర్ణద్రవ్యంతో కలియడం వల్ల ఆ ఎరుపు స్థిరపడుతుందని ఆయన నిరూపించాడు. ఆయన కుమారుడు, జీవశాస్త్రవేత్త జె.బి.యస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, 1961లో ఇక్కడి పౌరసత్వం స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

దెమెరారా చక్కెరకు ఆ పేరు దక్షిణ అమెరికాలోని గయానా దేశపు నది నుండి వచ్చింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత అక్కడి చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చారు. 1838లో రెండు ఓడలు కలకత్తా నుండి 396 మందిని తీసుకువెళ్ళాయి. 1917 వరకు సాగిన ఆ ఒప్పందకూలి విధానంలో దాదాపు 2,39,000 మంది భారతీయులు అక్కడికి చేరారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. తిరిగివస్తామనుకొన్న వారిలో అధికసంఖ్యాకులు అక్కడే మట్టిలో కలిశారు.

దుంప ఆండీస్ పర్వతాల రైతుల కానుక. లవంగం మలూకా దీవులది. ఇంటివారిది ఓపిక.

నేడు పెట్లుప్పు స్థానాన్ని చాలావరకు కొలిచి వాడే సోడియం నైట్రైట్ ఆక్రమించింది. ప్రాణాంతకమైన బొట్యులిజం విషం పుట్టకుండా అది కాపాడుతుంది. అయితే ఇటువంటి నిలవ మాంసాలు క్యాన్సరుకు కారకాలని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2015లో ప్రకటించింది. కనుక ఇది నిత్యభోజనం కాక పండుగనాటి వంటకంగా ఉండటమే మేలు.

విందు మొదలు కావడానికి ముందు అనేక కుటుంబాలలో పెద్దలు ప్రార్థన చేసి, ఆహారం ప్రసాదించిన దైవానికి కృతజ్ఞత తెలుపుతారు. ఆ క్షణంలో మన్ను గీకిన నోనియానూ, చెరకు నరికిన కూలినీ తలచుకొనేవారు అరుదు. ఏ దేశపు పండుగ భోజనానికైనా, మనదానికైనా, ఈ మాట వర్తిస్తుంది.