గొడవ హాల్లో, రాజీ గదిలో



పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. “మా ఇద్దరికీ మాటామాటా వచ్చినా మావాడు పట్టించుకోడు మేడమ్, పుస్తకం ముందేసుకుని కూర్చుంటాడు.” అది నిశ్చింత అనుకుంటాం. చాలాసార్లు అది భయం.

మన గోదావరి జిల్లాల్లో ఇంట్లో మాట పెరగడానికి కారణాలు అందరికీ తెలిసినవే. రొయ్యల చెరువు దెబ్బతింటుంది, కోతకొచ్చిన వరి వానకు పడిపోతుంది, గల్ఫ్‌లో ఉన్న మనిషితో వాదన ఫోన్‌లోనే సాగుతుంది. తప్పెవరిదో పెద్దలు చూసుకుంటారు. పిల్లల ప్రశ్న వేరు: “మన ఇల్లు ఇలాగే ఉంటుందా?” అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు డేవీస్, కమ్మింగ్స్ 1994లో ప్రతిపాదించిన ‘భావోద్వేగ భద్రత’ సిద్ధాంతం సారం ఇదే.

ఆ భద్రత సడలితే ఒక్కొక్కరు ఒక్కోలా స్పందిస్తారు. భయపడిన పిల్ల ముడుచుకుపోతుంది. కోపం వచ్చినవాడు క్లాసులో పక్కవాడి మీద చూపిస్తాడు. దిగులుపడిన పిల్ల మధ్యలో దూరి ఇద్దరినీ కలపాలని చూస్తుంది. ఆమెను “బుద్ధిమంతురాలు” అని మెచ్చుకుంటాం. నిజానికి వయసుకు మించిన బరువు మోస్తోంది.

“పిల్లల ముందు గొడవపడకండి” అన్నది మంచి మాటే, కానీ నా దృష్టిలో సగం సలహా. గొడవ సర్దుకోవడం చూసిన పిల్లలు త్వరగా కుదుటపడతారని కమ్మింగ్స్ బృందం పరిశోధనల్లో తేలింది. రాజీ చాటున జరిగినా, తర్వాత చెబితే మేలే. మనం మాత్రం హాల్లో గొడవపడి, గదిలో రాజీపడతాం. పిల్లలకు మొదటి సగమే తెలుస్తుంది.

రాత్రి అన్నాల దగ్గర చెప్పండి: “నిన్న నాన్నా నేనూ డబ్బు గురించి గట్టిగా మాట్లాడుకున్నాం. ఇప్పుడు సర్దుకున్నాం. ఇందులో నీ తప్పేమీ లేదు.” ఇంకా సర్దుకోకపోతే అబద్ధం వద్దు; “తేలలేదు, మేం చూసుకుంటాం” అనండి. “నువ్వు ఎవరి పక్షం?” అని అడగకండి, కబుర్లు మోయించకండి.

చెయ్యి చేసుకునేదాకా వస్తే అది సర్దుకుపోయే విషయం కాదు. మహిళలకు 181, పిల్లలకు 1098 హెల్ప్‌లైన్లు ఉన్నాయి. మనసు బాగోనప్పుడు టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు.

మార్కులు తగ్గితే మీరు వెంటనే మమ్మల్ని అడుగుతారు. పిల్లలు ఉన్నట్టుండి మరీ నెమ్మదిగా మారినా అంతే వెంటనే అడగండి.