మన అడవి పేరు మీద మాటిచ్చారు, లెక్క ఎవరికి చెప్తారు?



పారిస్ ఒప్పందం అనగానే అదేదో ఢిల్లీ పెద్దల వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఆ ఒప్పందం కింద మన దేశం రాసిచ్చిన ముఖ్యమైన మూడు అంకెల్లో ఒకటి నేరుగా అడవిదే. 2030 నాటికి అడవులు, చెట్లు పెంచి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని 2015లో ప్రపంచానికి మాటిచ్చారు. ఆ చెట్లు ఢిల్లీ రోడ్ల మీద మొలవవు కదా. మన్యంలో మొలవాలి, నల్లమలలో మొలవాలి, బస్తర్‌లో మొలవాలి. అంటే మన కొండను చూపించి ప్రపంచం దగ్గర పూచీ పడ్డారన్నమాట.

పూచీ పడ్డవాడు లెక్క చెప్పాలి. ఎవరికి? ప్రజాస్వామ్యంలో పార్లమెంటుకు, పార్లమెంటు ద్వారా మనకు. ఆ లెక్క ఏటా చెప్పి తీరాలన్న చట్టం ఈ దేశంలో లేదు. మన అసలు గొడవ అదే.

ముందు ఆ మాటలేంటో చూద్దాం. మొదటిది, దేశం సంపాదించే ప్రతి రూపాయికి వెలువడే కాలుష్యాన్ని 2005తో పోలిస్తే 45 శాతం తగ్గించడం. రెండోది, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్ కాని వనరుల నుంచి ఉండడం. ఈ రెంటినీ 2022 ఆగస్టులో పెంచి రాశారు. సగం సామర్థ్యం మాట 2025లోనే నిలబెట్టుకున్నామని ప్రభుత్వం ప్రకటించింది. అందులో అబద్ధం లేదు. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. దేశంలో తయారయ్యే కరెంటులో నాలుగింట మూడొంతుల దాకా ఇప్పటికీ బొగ్గుదే. ఈ తేడాను సభలో మంత్రి నోట చెప్పించాల్సింది ఎంపీలు.

మూడోది అడవి. 2024 డిసెంబరులో వచ్చిన అటవీ స్థితి నివేదిక ప్రకారం 229 కోట్ల టన్నులు అప్పటికే అదనంగా చేరిపోయాయి. వినడానికి బాగుంది. మరి ఏది అడవి?

ఆ నివేదిక లెక్కలో, హెక్టారుకు తగ్గని నేల మీద కనీసం పదో వంతు చెట్ల నీడ ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. నేల ఎవరిదని చూడరు, చెట్టు ఏదని చూడరు. పండ్ల తోటైనా, జామాయిల్ తోటైనా, తాటి జాతి చెట్లైనా అన్నీ ఒకే గంపలో వేస్తారు. ఉపగ్రహానికి ఆకుపచ్చ రంగు కనిపిస్తే సరిపోతుంది. మనకు సరిపోదు. జామాయిల్ వరసల్లో ఇప్పపువ్వు రాలుతుందా? అడ్డాకు దొరుకుతుందా? తునికి, కరక్కాయ, చింత ఉన్న అడవిని కొట్టేసి ఇంకోచోట ఒకే జాతి మొక్కలు నాటితే కాగితం మీద లెక్క సరిపోవచ్చు. మన పొయ్యి మాత్రం ఆరిపోతుంది. తెలంగాణలో హరితహారం పేరిట పోడు భూముల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటినప్పుడు జరిగిన గొడవలు మనకు కొత్త కాదు. ప్రపంచానికి ఇచ్చిన మాట చివరికి పోడు చెలక మీదికి ఎలా వస్తుందో అక్కడే చూశాం.

ఇంకో సంగతి చూడండి. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ ముందుమాటలోనే 2070 నాటికి నెట్ జీరో అనే లక్ష్యాన్నీ, 2030 నాటి కార్బన్ లెక్కనూ కారణాలుగా రాసుకున్నారు. అదే సవరణతో చట్టం రక్షణ ఏయే అడవులకు వర్తిస్తుందన్న హద్దును కుదించారు. సరిహద్దు నుంచి వంద కిలోమీటర్ల లోపు దేశ భద్రత పేరుతో వేసే రోడ్ల లాంటి వాటికి మినహాయింపులిచ్చారు. అడవి పెంచుతామన్న మాటే అడవి రక్షణ తగ్గించడానికి సాకైంది!

దాన్ని పార్లమెంటు ఎలా చూసిందో గుర్తుందా? పర్యావరణం, అడవులు, వాతావరణ మార్పుల మీద పార్లమెంటుకు ఒక స్థాయీ సంఘం ఉంది. బిల్లును దానికి పంపలేదు. కొత్తగా సంయుక్త కమిటీ వేసి అక్కడికి పంపారు. స్థాయీ సంఘం అధ్యక్షుడిగా ఉన్న జైరాం రమేశ్ అభ్యంతరం చెప్పినా వినలేదు. బిల్లులో మార్పులేవీ అక్కర్లేదని సంయుక్త కమిటీ తేల్చింది. ప్రతిపక్ష సభ్యులు కొందరు అసమ్మతి పత్రాలు ఇచ్చారు, అవి నివేదిక వెనకాల ఉండిపోయాయి. జులై 26న, మణిపూర్ మీద నినాదాల మధ్య లోక్‌సభ బిల్లు పాస్ చేసింది. ఆగస్టు 2న రాజ్యసభ కూడా సరేనంది. అడవి మీద బతికే కోట్ల మంది భవిష్యత్తుకు దక్కిన పరిశీలన అంతే.

నిలదీసే వ్యవస్థ గట్టిగా ఉంటే ఏం బయటపడుతుందో కూడా మనకు తెలుసు. పరిహార అడవుల పెంపకం మీద 2013లో కాగ్ ఇచ్చిన నివేదిక ఒక ఉదాహరణ. మళ్లించిన అడవికి బదులుగా 2006 నుంచి 2012 మధ్య రావాల్సిన అటవీయేతర భూమి 1,03,000 హెక్టార్లకు పైనే. వచ్చింది 28,000 హెక్టార్ల చిల్లర, అంటే 27 శాతం. ఆ లెక్కను ఏ మంత్రీ తనంతట తాను చెప్పలేదు. ఆడిట్ చేస్తేనే తెలిసింది. ఇప్పుడు గ్రేట్ నికోబార్ చూడండి. షోంపెన్‌లు బతికే ఆ ద్వీపంలో 130 చదరపు కిలోమీటర్ల అడవిని ప్రాజెక్టుకు ఇచ్చి, దానికి బదులు హర్యానాలో చెట్లు పెంచుతామన్నారు. సముద్రం మధ్యలో పోయే వానల అడవికి హర్యానా మొక్కలు బదులా? ఈ ప్రశ్నకు సభలో జవాబు రాబట్టాలా వద్దా?

బ్రిటన్‌లో 2008లోనే వాతావరణ మార్పు చట్టం చేశారు. దాని కింద ఒక స్వతంత్ర కమిటీ ఏటా ప్రభుత్వ పనితీరు మీద పార్లమెంటుకు నివేదిక ఇస్తుంది. ప్రభుత్వం దానికి జవాబు చెప్పి తీరాలి. 2022లో అక్కడి హైకోర్టు, నెట్ జీరో వ్యూహాన్ని పార్లమెంటు ముందు పెట్టినప్పుడు సరిపడా వివరాలు ఇవ్వలేదంటూ అది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. బ్రిటన్ మనకు గురువు కానక్కర్లేదు. మన అడవుల్ని రిజర్వు చేసి మనల్ని దొంగల్ని చేసిన పాలన వాళ్లదే. కానీ తమ ప్రభుత్వాన్ని పార్లమెంటు ముందు నిలబెట్టే హక్కును వాళ్లు చట్టంలో రాసుకున్నారు. మనకు అదీ లేదు. మన సుప్రీంకోర్టు 2024లో, వాతావరణ మార్పు చేటు నుంచి రక్షణ పొందడం రాజ్యాంగ హక్కేనని చెబుతూ, దీని మీద దేశంలో ఒక సమగ్ర చట్టం లేదన్న సంగతీ గుర్తుచేసింది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక మాట అంటారు. భూమిని వేడెక్కించింది ధనిక దేశాలు, మన తలసరి కాలుష్యం చాలా తక్కువ, మన ప్రభుత్వాన్ని మనమే ఎందుకు నిలదీయాలి అని. మొదటి రెండూ నిజమే. ప్రపంచ సభల్లో మన దేశం న్యాయం అడగడం కూడా సరైందే. కానీ బయట వాతావరణ న్యాయం అడిగేవాళ్లు ఇంట్లో ఆ న్యాయం చేయాలి కదా! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అయితే ఎలా?

అనంతగిరి మండలం పెదకోటను తీసుకోండి. అక్కడ పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ప్రతిపాదించారు. కొండ పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం. ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. సోలార్ పెరిగేకొద్దీ ఇలాంటివి అవసరమే, కాదనం. కానీ అది ఐదో షెడ్యూల్ ప్రాంతం. భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ, తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. మరి పార్లమెంటుకు ఇచ్చే లెక్కల్లో ఎన్ని మెగావాట్లు అన్న గడి ఉంటుంది గానీ, ఎన్ని గ్రామసభలు ఒప్పుకున్నాయి, ఎన్ని కాదన్నాయి అన్న గడి ఎందుకుండదు?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి.

ఒకటి, వాతావరణ వాగ్దానాల మీద ప్రభుత్వం ఏటా పార్లమెంటుకు నివేదిక ఇచ్చేలా చట్టం రావాలి. దాన్ని స్వతంత్ర సంస్థ సరిచూడాలి.

రెండు, అడవి లెక్కలో సహజ అడవిని, తోటల్ని వేర్వేరుగా చూపాలి.

మూడు, వాతావరణం పేరు మీద చేపట్టే ప్రతి ప్రాజెక్టుకూ గ్రామసభ తీర్మానం, హక్కు పత్రాల పరిస్థితి ఆ నివేదికలో ఉండాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. లోక్‌సభలో ఎస్టీలకు 47 సీట్లున్నాయి. అందులో అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ మనవే. కనీసం 15 రోజుల ముందు నోటీసిస్తే ఎంపీ ఏ మంత్రినైనా ప్రశ్న అడగొచ్చు. నక్షత్రం గుర్తున్న ప్రశ్న సభలో చర్చకు వస్తే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. సమాచారం సేకరిస్తున్నాం అని మంత్రి తప్పించుకుంటే అది హామీ కింద నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. ఈ దారులన్నీ ఉన్నాయి. వాడేవాళ్లు తక్కువ.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చేయగలిగిన పని ఇదే. మీ మండలంలో ఎంత అడవి మళ్లించారు, బదులు మొక్కలు ఎక్కడ నాటారు, ఎన్ని బతికాయి, గ్రామసభ ఎప్పుడు పెట్టారు? సమాచార హక్కు దరఖాస్తుతో తెచ్చుకోండి. ఆ కాగితాలు పట్టుకుని రాబోయే సమావేశాలకు ముందే మీ ఎంపీ దగ్గరికి గుంపుగా వెళ్లండి. ఈ ప్రశ్న వేయండి అని రాసివ్వండి. వేశారా లేదా అన్నది లోక్‌సభ వెబ్‌సైటులో కనిపిస్తుంది. వేయకపోతే ఆ సంగతి ఊళ్లో చెప్పండి, ఓట్లకొచ్చినప్పుడు గుర్తుచేయండి.

అడవి మనది, మాట వాళ్లది. లెక్క మాత్రం ఇద్దరి ముందూ తేలాలి.

జోహార్.