పడవ యజమానిది, చెర కళాసీది

గుజరాత్ మరపడవలపై తెలుగు మత్స్యకారులకు కొత్త నిబంధనలు ఎంతవరకు అండ?

సూరత్: ఇక్కడి రింగ్ రోడ్ వెంబడి బారులు తీరిన వస్త్ర మార్కెట్లలో తెలుగు మాట వినపడటం కొత్తేమీ కాదు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన నేత కుటుంబాలు దశాబ్దాల క్రితమే ఈ నగరంలో స్థిరపడిన విషయం విదితమే. కాగా, పూరీ నుంచి శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా వచ్చి సూరత్‌లో ఆగే రైళ్లలో ఇక్కడ దిగకుండా ముందుకు సాగిపోయే తెలుగువారు కూడా ఉన్నారు. వారు సౌరాష్ట్ర తీరంలోని వేరావల్ చేరి మరపడవలెక్కే ఉత్తరాంధ్ర మత్స్యకారులు. మగ్గం కూలీకీ, పడవ కూలీకీ అన్నం పెడుతున్న రాష్ట్రం ఒక్కటే. కానీ మగ్గం చెడితే ఆ పూట పని ఆగుతుంది. సముద్రం మధ్యలో ఇంజను చెడితే పడవ పరాయి దేశపు గస్తీ నౌకల ముందుకు కొట్టుకుపోతుంది.

ఈ ప్రమాదాన్ని తగ్గించగలవని భావిస్తున్న కొత్త నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 4న నోటిఫై చేసింది. ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో, అంటే తీరానికి 12 నాటికల్ మైళ్ల నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు గల సముద్రంలో, చేపల వేటను ఇవి క్రమబద్ధం చేస్తాయి. వీటి ప్రకారం యాంత్రిక పడవలు, పెద్ద మోటారు పడవలు అక్కడ వేటాడేందుకు ముందుగా ప్రవేశ అనుమతి పొందాలి. పడవ ఉనికిని తెలిపే ట్రాన్స్‌పాండరు, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు తప్పనిసరి. యంత్రం లేని సంప్రదాయ పడవలకు అనుమతి నుంచి మినహాయింపు ఇచ్చారు.

పరికరాల భారం మత్స్యకారులపై పడకుండా కేంద్రం అంతకుముందే ఒక పథకం చేపట్టింది. సుమారు 360 కోట్ల రూపాయల వ్యయంతో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లను ఉచితంగా అమర్చే కార్యక్రమాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. అంటే చట్టమూ ఉంది, నిధులూ ఉన్నాయి. అయితే పడవకు పరికరం అమర్చినంత మాత్రాన దానిపై పనిచేసే మనిషికి రక్షణ లభించినట్లేనా అన్నది పరిశీలించవలసిన అంశం.

పదమూడు నెలల చెర

2018 నవంబరు చివరి వారంలో వేరావల్ పడవలపై వేటకు వెళ్లిన ఆంధ్రప్రదేశ్ మత్స్యకారులను పాకిస్థాన్ సముద్ర భద్రతా సంస్థ నిర్బంధించింది. వారిలో అత్యధికులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు. కరాచీలోని మలిర్ జైలులో మగ్గిన వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద స్వదేశంలో అడుగుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో విడుదలైన 'తండేల్' చలనచిత్రానికి ఆధారం ఈ ఘటనే. పడవ నాయకుడిని ఈ తీరంలో తండేల్ అని పిలుస్తారు.

ఇది ఒక్క ఏడాదితో ముగిసిన కథ కాదు. 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్థాన్‌లు ఏటా జనవరి 1న, జూలై 1న తమ చెరలో ఉన్న పరస్పర పౌరుల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 2025 జూలై 1 నాటి జాబితాలో భారతీయులైన లేదా భారతీయులుగా భావిస్తున్న మత్స్యకారులు 193 మంది పాకిస్థాన్ చెరలో ఉన్నారు. అదే రోజున భారత్ చెరలో ఉన్న పాకిస్థాన్ మత్స్యకారుల సంఖ్య 81. ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధనలను ఉల్లంఘించినవారికి, సంబంధిత దేశాల మధ్య ఒప్పందం లేనిదే, జైలు శిక్ష విధించరాదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడిక 73వ అధికరణం చెబుతోంది. ఉభయ దేశాలూ ఈ ఒడంబడికను ఆమోదించినవే కావడం గమనార్హం.

సర్ క్రీక్ వివాదం తెగనందున రెండు దేశాల నడుమ సముద్ర సరిహద్దు ఇంతవరకు ఒప్పందపూర్వకంగా ఖరారు కాలేదు. నీటిపై గీత లేదు, రాయి లేదు. తెరపై కనిపించే అంకెలే హద్దు.

పడవలో ఉండవలసినవి

వేరావల్ మరపడవ పదిహేను, ఇరవై రోజులకు సరిపడా డీజిలు, ఐసు, మంచినీరు, బియ్యం నింపుకొని బయలుదేరుతుంది. తండేల్‌తో కలిపి ఏడెనిమిది మంది ఉంటారు. ఇటువంటి చిన్న పడవకు కావలసిన సామగ్రి జాబితా పెద్దదేమీ కాదు. స్థానం తెలిపే జీపీఎస్, ఇతర పడవలతోను, తీర రక్షక దళంతోను మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో, ఆపద సంకేతం పంపే పరికరం, మనిషికొక లైఫ్ జాకెట్, లంగరు, నీరు తోడే పంపు, అగ్నిమాపక సిలిండరు ముఖ్యమైనవి. వీటికి తోడు ఇంజనుకు అదనపు ఫిల్టర్లు, బెల్టులు, రెండవ బ్యాటరీ ఉండాలి. డీజిలులో మూడవ వంతు పోవడానికి, మూడవ వంతు రావడానికి, మిగిలిన మూడవ వంతు ఆపదకు అన్నది చిన్న మరపడవలు నడిపేవారు ప్రపంచమంతటా పాటించే లెక్క.

వీటిలో చౌకైనవే ఎక్కువగా ప్రాణం మీదికి తెస్తాయి. డీజిలు ఫిల్టరు మూసుకుపోతే ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే బ్యాటరీకి ఛార్జి ఉండదు. బ్యాటరీ అయిపోతే దానిపై ఆధారపడిన జీపీఎస్, రేడియో మూగపోతాయి. గాలికీ, ప్రవాహానికీ గంటకు ఒకటిన్నర నాటికల్ మైళ్ల చొప్పున కొట్టుకుపోయే పడవ ఒక్క రోజులో 36 నాటికల్ మైళ్లు, అంటే 66 కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. సరిహద్దు సమీపంలో వేటాడే పడవకు ఇది చాలు.

రేడియోకూ పరిమితి ఉంది. చిన్న పడవపై గల వీహెచ్‌ఎఫ్ మాట తీరానికి 20, 25 నాటికల్ మైళ్లు దాటితే అందడం కష్టం. అందువల్లనే ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరాన్ని భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించింది. 2010 నుంచి వాడుకలో ఉన్న తొలి తరం పరికరంలో మీట నొక్కితే సంకేతం వెళ్లేదే కాని, అది చేరిందో లేదో పడవలోని వారికి తెలిసేది కాదు. 2024 జనవరిలో వెలువడిన రెండవ తరం పరికరం ఆ లోటు తీర్చింది. సంకేతం అందినట్లు తిరుగు సమాచారం వస్తుంది. దానిని సెల్‌ఫోనుకు అనుసంధానిస్తే తుపాను హెచ్చరికల వంటి సందేశాలను సొంత భాషలో చదువుకోవచ్చు. గుజరాత్ పడవపై ఉన్న శ్రీకాకుళం కళాసీకి తెలుగులో హెచ్చరిక అందడమంటే సామాన్య విషయం కాదు.

నిఘాకా, రక్షణకా?

అయితే ఈ పరికరాల పట్ల మత్స్యకారులలో అనుమానాలు లేకపోలేదు. పోర్‌బందర్‌కు చెందిన 'కుబేర్' పడవను ఉగ్రవాదులు అపహరించి 2008 నవంబరులో ముంబయిపై దాడికి వాడుకున్న తర్వాతనే పడవల నమోదు, గుర్తింపు కార్డులు, రంగుల గుర్తులు, 20 మీటర్లు మించిన పడవలకు ఉనికిని తెలిపే ఏఐఎస్ యంత్రాలు అన్నవి కట్టుదిట్టమయ్యాయి. వాటి తొలి ఉద్దేశం దేశ భద్రత. పడవలోని మనిషి భద్రత ఆ వెనుక వచ్చింది. వేరావల్‌లో వేటాడే పడవల్లో అధిక భాగం 20 మీటర్లలోపువే కావడంతో చాలా కాలం అవి ఈ వలయం వెలుపలే ఉండిపోయాయి.

పైగా హద్దు దాటే పడవలన్నీ దారి తప్పినవే అనుకోవడం పొరపాటు. గుజరాత్ తీరానికి దగ్గరగా చేపలు తరిగిపోవడంతో సింధు నది సముద్రంలో కలిసే ప్రాంతం వైపు పడవలు మొగ్గుచూపుతున్నాయి. డీజిలు, ఐసు ఖర్చు పెరిగిన కొద్దీ ఖాళీగా తిరిగిరావడం యజమానికి నష్టం. ఎక్కడ వల వేయాలన్నది తండేల్ నిర్ణయిస్తాడు. చేపలున్న చోటు ఇతరులకు తెలియకూడదనో, అధికారుల కంట పడకూడదనో పరికరాన్ని ఆపివేసే అవకాశమూ ఉంది. ముందుగానే అడ్వాన్సు పుచ్చుకుని వచ్చిన కళాసీకి ఈ విషయాలలో మాట చెల్లదు. లాభంలో అతని వాటా జీతం మేరకే. పట్టుబడితే మాత్రం చెరలో అతని వాటా తండేల్‌తో సమానం. యజమాని పడవను కోల్పోతాడు. కళాసీ స్వేచ్ఛను కోల్పోతాడు.

ఇంటి తీరంలో లోటు

ఈ వలసకు మూలం స్వస్థలంలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉన్నా, పెద్ద మరపడవలు నిలిచే వసతి కొరవడింది. విశాఖపట్నం హార్బరే వారికి పెద్ద దిక్కు. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బరు ప్రతిపాదన ఈ లోటు తీర్చేందుకు ఉద్దేశించినదే. అదే గ్రామంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఏప్రిల్ 26న వేట నిషేధ కాలపు భృతిని 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచిన పథకాన్ని ప్రారంభించారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అయితే ఈ భృతి రాష్ట్రంలో నమోదైన పడవలు, వాటి సిబ్బంది ప్రాతిపదికన అందేది. గుజరాత్ పడవపై పనిచేసేవాడి పేరు ఆ లెక్కలోకి రావడం కష్టం.

కొత్త నిబంధనలు ఫలించాలంటే పరికరాల పంపిణీ ఒక్కటే చాలదు. పడవ రేవు విడిచే ముందే అందులోని ప్రతి మనిషి పేరు, ఊరు, ఫోను నంబరు ప్రవేశ అనుమతితో జతపడాలి. ఆ జాబితా గుజరాత్ అధికారులతో పాటు స్వరాష్ట్ర మత్స్యశాఖకూ చేరాలి. పట్టుబడ్డాక ఎవరు, ఎక్కడివారు అని వెతుక్కునే దుస్థితి అప్పుడే తప్పుతుంది. ఆపద మీట నొక్కడం, రేడియోలో 16వ చానెల్‌పై పిలవడం, 1554కు ఫోన్ చేసి తీర రక్షక దళాన్ని కోరడం తండేల్‌కే కాక కళాసీలందరికీ వారి భాషలో నేర్పాలి. పరికరాన్ని ఆపివేసిన పడవకు విధించే జరిమానా యజమానిపై పడాలి తప్ప కూలీపై కాదు.

పశ్చిమ తీరంలో వర్షాకాలపు నిషేధం ముగియగానే ఏటా ఆగస్టులో పడవలు మళ్లీ బయలుదేరుతాయి. సూరత్ మీదుగా సాగే రైళ్లు మళ్లీ నిండుతాయి. అప్పటికి పడవల పైకప్పులపై ట్రాన్స్‌పాండర్లు వెలగవచ్చు. పడవలోని మనుషుల పేర్లు ఒడ్డున ఏ రికార్డులోనైనా ఉంటాయా అన్నదే అసలు ప్రశ్న.