దేవుని సొమ్మునకు లెక్క అడుగుట పాపమా?

సంఘములో ఎవడైనను లేచి, "అయ్యా, నిరుడు కోతకాలపు పండుగకు వచ్చిన ధాన్యము ఎన్ని బస్తాలు? ఏ ధరకు అమ్మితిరి?" అని అడిగినయెడల, అతనికి దొరకు జవాబు లెక్క కాదు, ఒక వాక్యము. అడిగినవానికి వాక్యము చూపి కూర్చుండబెట్టుట పలుచోట్ల అలవాటైపోయినది. చిట్టమూరులోను, ఈ తీరపు పల్లెలన్నిటిలోను ఉన్న ప్రియ సహోదరీ సహోదరులారా, ఆ వాక్యములను మనము శాంతముగా విప్పి చూతము.

మొదట చూపునది, కుడిచేయి చేయు ధర్మము ఎడమచేతికి తెలియరాదను ప్రభువు మాట. మంచిది. అయితే ఆ మాట ఎవరితో చెప్పబడెను? తన సొమ్ము తానే ఇచ్చువానితో. పదిమంది సొమ్ము పుచ్చుకొని పంచువానితో కాదు. వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి ఉంచిన విధవరాలు తన దానమును దాచుకొనవచ్చును. ఆ బియ్యము అమ్మిన పెద్ద ఆ డబ్బును దాచుకొనరాదు.

రెండవది, అభిషిక్తుని ముట్టరాదను మాట. సమూయేలు కంటె అభిషిక్తుడెవడు? అతడే తన ముసలితనమందు జనులందరి యెదుట నిలిచి, నేనెవని ఎద్దును తీసికొంటిని, ఎవనిని మోసము చేసితిని, ఎవనియొద్ద లంచము పుచ్చుకొంటిని, చెప్పుడని అడిగెను. ఎవరును కోరకమునుపే లెక్క అప్పగించుట అభిషిక్తుని గుర్తు. అడిగినవానిమీద కోపపడుట ఎవని గుర్తో మీరే తేల్చుకొనుడి.

మూడవది బలమైనది. దేవాలయము బాగుచేసిన పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయములో ఉన్నది. అవును, ఉన్నది. కాని ఆ అధ్యాయమును మొదటినుండి చదువుడి. యోవాషు రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వరకు యాజకులు మందిరమును బాగుచేయలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర అందరికి కనబడునట్లు ఉంచెను. పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖకుడును ప్రధానయాజకుడును ఇద్దరును వచ్చి లెక్కించిరి. ముందు పెట్టె, తరువాత ఇద్దరు లెక్కించువారు, అటు పిమ్మటనే ఆ నమ్మకము. పెట్టెను విడిచి నమ్మకమును మాత్రము కోరువాడు అధ్యాయమును తల నరికి చదువుచున్నాడు.

పౌలు సంగతి చూడుడి. యెరూషలేములోని బీదలకొరకు చందా పోగుచేసినప్పుడు అతడొక్కడే మోసికొనిపోలేదు. తీతును, మరి ఇద్దరు సహోదరులను పంపెను. ఆ ఇద్దరిలో ఒకనిని సంఘములే ఏర్పరచెను. తనమీద నింద రాకూడదని అతడు తానే చెప్పుకొనెను. అపొస్తలునికి అవసరమైన కాపు మన కోశాధికారికి అక్కరలేదా?

మన రాష్ట్రములో సొసైటీల రిజిస్ట్రేషనునకు 2001 నాటి చట్టము కలదు. సొసైటీ పెట్టుటకు కనీసము ఏడుగురు కావలెను. ఏటేట సర్వసభ్య సమావేశము జరుపవలెను, లెక్కలు తనిఖీ చేయించవలెను. అపొస్తలుల కార్యములలోను ఏడుగురే. కాని ఆ ఏడుగురు ఎట్టివారు? గ్రీకుభాష మాట్లాడు విధవరాండ్రకు అన్యాయము జరుగుచున్నదని సణుగు పుట్టగా, ఏర్పరచబడిన ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. జనసమూహము, ఫిర్యాదు చేసినవారి పక్షమువారి చేతికే పంపకము నప్పగించెను. మనలో కొన్ని సొసైటీల ఏడుగురు ఎవరు? తండ్రి అధ్యక్షుడు, కుమారుడు కార్యదర్శి, కోడలు కోశాధికారిణి, మిగిలిన నలుగురు బావమరదులు. ఇది సంఘము కాదు, ఇంటి రేషను కార్డు.

2004 డిసెంబరు 26న సునామి మన తీరమును కొట్టిన తరువాత సహాయము చేయుటకు అనేక సంస్థలు వచ్చినవి. మనస్ఫూర్తిగా పనిచేసినవారికి వందనములు. విదేశీ చందాల చట్టము 2020లో బిగింపబడినది: పరిపాలన ఖర్చు వచ్చిన సొమ్ములో నూటికి 20కి మించరాదు, సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలోనే దిగవలెను. మంచిదే. కాని గమనించుడి: సంస్థ లెక్క ఢిల్లీకి పోవుచున్నది, సముద్రము దాటి దాతకు పోవుచున్నది, ఎవరి పేరు చెప్పి సొమ్ము తెచ్చిరో ఆ పల్లెకు మాత్రము రాదు. బీదవాని ఫొటో దాతకు చేరును, బీదవానికి రశీదు చేరదు.

లెక్కలు చదువుకొన్నవారి పనియని, పల్లెవారికి తెలియదని చెప్పువారున్నారు. వారికి జవాబు మన ఆడవారే. 2022లో మన మండలము తిరుపతి జిల్లాలో చేరకమునుపు మనది నెల్లూరు జిల్లా. ఆ జిల్లాలోనే 1992లో దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ పిమ్మట పొదుపులక్ష్మి సంఘములలో దినమునకొక రూపాయి కూడబెట్టిరి. వారి పంచసూత్రములలో ఐదవది పుస్తక నిర్వహణ. వ్రేలిముద్ర వేయు అవ్వ కూడ తన పద్దు పైకి చదివించుకొని వినును. తప్పుంటే అక్కడే పట్టుకొనును. ఆ అవ్వయే ఆదివారమున గుడికి వచ్చి కానుక వేసి, నోరు మూసికొని ఇంటికి పోవుచున్నది. ఆమెకు తెలివి చాలక కాదు, మనము ఆమెను భయపెట్టితిమి గనుక.

మన తీరము వెంబడి సాగు బకింగ్‌హాం కాలువను చూడుడి. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆ కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. బాప్తిస్మము కోరి అనేకులు వచ్చినను, సహాయము నడుచుచున్నంతకాలము ఆయన ఇయ్యలేదు. సహాయము ముగిసిన పిమ్మట 1878 జూలై 3న ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను కరవులోనే చూపి చందాలు పెంచుకొనవచ్చును గదా! అన్నమునకును ఆత్మకును నడుమ బేరము పెట్టరాదని ఆయన ఎరిగెను.

గనుక ఈ సంవత్సరము ప్రతి సంఘమును మూడు పనులు చేయవలెను. కానుకలను బంధువులు కాని ఇద్దరు అందరియెదుట లెక్కించవలెను. మూడు నెలలకొకసారి జమా ఖర్చులు పైకి చదివి, గుడి తలుపునకు అంటించవలెను. అడిగిన సభ్యుని వెలివేయరాదు. అతని ప్రశ్నను, జవాబును మినిట్సు పుస్తకములో వ్రాయవలెను. వీటికి డబ్బు ఖర్చు లేదు. వీటిని అడ్డగించువాడు ఎందుకు అడ్డగించుచున్నాడో చెప్పవలసిన భారము అతనిదే.

యూదా ఇస్కరియోతు పండ్రెండుగురిలో ఒకడు. సంచి అతనియొద్ద ఉండెను. ప్రభువు పక్కన కూర్చుండినవాని చేతిలోనే సంచి చెడిపోయినప్పుడు, మన సంచిని వెలుగులో ఉంచుట అవిశ్వాసము కాదు, తోడి సహోదరుని శోధననుండి కాపాడు ప్రేమయే.